108 పీసుల పెట్టె కొనాలా, ఎనిమిది మంచి పానాలు కొనాలా? సెమిలిగుడ మాస్టారికి నా జవాబు

మాస్టారూ, నమస్తే. మీరు అడిగింది రెండుసార్లు చదివాను. ఒడిశా కోరాపుట్ జిల్లా సెమిలిగుడలో స్కూల్లో పనిచేస్తున్నారు, 2012 వ్యాగనార్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నారు, ఆయిల్ మార్చడం, ఫిల్టర్లు, ప్లగ్గులు, ముందు బ్రేక్ ప్యాడ్లు ఇలాంటివన్నీ ఆదివారం పూట ఇంటి దగ్గరే చేసుకోవాలని ఉంది. ఆన్‌లైన్‌లో 108 పీసుల టూల్ బాక్స్ 1,899కి కనిపించింది, అదే డబ్బు పట్టుకుని షాపుకెళ్తే ఒక రింగు పానాల సెట్టు, ఒక స్క్రూడ్రైవర్ వస్తాయంతే, ఏది తీసుకోమంటారు అన్నారు. మీ నాన్న గారేమో రెండూ వద్దు, ఆ డబ్బుతో మెకానిక్కు దగ్గర పని అయిపోతాది అంటున్నారు.

ముందు జవాబు చెప్పీసి తర్వాత కారణాలు చెప్తాను. ఆ పెట్టె వద్దు. రింగు పానాల సెట్టు తీసుకోండి, ఈ నెలకి అదే చాలు, మిగతావి పని పడేకొద్దీ ఒక్కొక్కటీ కొనుక్కోండి.

నేను సాలూరులో లారీ షెడ్డులో పదహారేళ్ళప్పుడు హెల్పరుగా చేరాను, సాలూరు అంటే మీకు తెలుసుగా ఊరంతా లారీలే, అక్కడ ఎనిమిదేళ్ళు చేసి మన కోరాపుట్ జిల్లా జైపూర్ వచ్చి సొంతంగా చిన్న షెడ్డు పెట్టుకున్నాను, ఇరవై ఏళ్ళు దాటింది. మా షెడ్డులో తెలుగు, ఒడియా, దేశియా మూడూ కలిసే నడుస్తాయి. ఇన్నేళ్ళలో నా దగ్గరికొచ్చిన చిన్న కార్లలో కష్టమైన పనులు ఏవీ అంటే ఇంజన్ పనులు కాదు మాస్టారూ, ఎవరో అంతకుముందు తప్పు పానా పెట్టి పాడుచేసిన నట్టు తీసే పనులు. ఐదు నిమిషాల్లో ఊడాల్సిన బోల్టుకి పూటంతా పట్టింది అంటే దాని మీద ముందెవరిదో పానా జారిందని అర్థం.

ఇది ఎందుకు అవుతాదో కొంచెం వివరంగా చెప్తాను, మీరు మాస్టారు కాబట్టి లెక్క నచ్చుతాది. నట్టుకి ఆరు పక్కలు, ఆరు మూలలు. ఓపెన్ పానా, అంటే నోరు తెరిచి ఉండేది, రెండు మూలల దగ్గర మాత్రమే పట్టుకుంటాది. రింగు పానా చుట్టూ తొడుక్కుంటాది కాబట్టి ఆరు మూలల దగ్గరా పట్టు దొరుకుతాది, మీ చేతి బలం ఆరుచోట్లకి పంచుకుపోతాది. ఆరు మూలల సాకెట్టు, అంటే నట్టు మీద టోపీలాగ తొడిగేది, ఇంకా మేలు, మంచి కంపెనీది అయితే మూల మీద కాకుండా కాస్త లోపలికి చదును మీద ఆనుతాది. ఇప్పుడు పానా నోరు కాస్త వదులుగా ఉందనుకోండి, చదును మీద ఆనాల్సింది పోయి సూటిగా మూల మీద పడతాది, బలమంతా ఆ సన్నటి గీత మీదే. మూల నలిగింది, అంతే, నట్టు గుండ్రం అయిపోయింది. నా దగ్గరికి ఒకాయన అలాంటి పెట్టె ఒకటి తెస్తే అందులో 12 అని రాసి ఉన్న పానాని వెర్నియర్ పెట్టి కొలిచాను, 12.4 ఉంది. నాలుగు పాయింట్లంటే చూడ్డానికి ఏం లేదు, తుప్పు పట్టిన బోల్టు మీద పెట్టి బలంగా లాగినప్పుడు తెలుస్తాది. పైగా ఆ ఇనుము మెత్తన, లాగేకొద్దీ నోరు ఇంకా తెరుచుకుంటాది, వదిలితే మళ్ళీ దగ్గరకొస్తాది, కంటికి కనపడదు, చేతికి మాత్రం మెత్తగా సాగినట్టు తెలుస్తాది. ఆ సాగినట్టు అనిపించిన క్షణంలో ఆపీయాలి, ఆపకపోతే తర్వాతి క్షణం మీ వేళ్ళు పోయి బ్రాకెట్టుకి కొట్టుకుంటాయి.

మా మేస్త్రి గారు నాకు మొదటి రోజు చెప్పింది ఇదే. పానా తొడిగాక వెంటనే లాగొద్దు, ముందు రెండు వేళ్ళతో ఇటూ అటూ ఆడించి చూడు, టకటక అని ఆడిందా తీసీ, ఇంకో నంబర్ చూడు. ఆయన చెయ్యి నా చేతి మీద పెట్టి ఆ ఆటని చూపించాడు, ఇప్పటికీ నేను ప్రతి నట్టుకీ ముందు అలాగే ఆడించి చూస్తాను, చూడకుండా లాగలేను.

సరే, నాకు జరిగింది చెప్తాను. 2009లో నా సొంత మారుతి 800 వెనక బ్రేకులు. అప్పటికి నా దగ్గర లారీ పానాలు ఉన్నాయి గానీ 8 నంబర్ లాంటి చిన్నవి అరిగిపోయాయి, చిన్న కారే కదా అని ఊళ్ళో పెట్టిన ఎగ్జిబిషన్‌లో ఒక చవక పెట్టె కొనీసి ఆదివారం పొద్దున్న పనికి దిగాను. వెనక చక్రంలో బ్రేకుని నొక్కే వీల్ సిలిండర్ మీద, బ్రేక్ ఆయిల్‌లోంచి గాలి తీసే నిపుల్ ఉంటాది, వేలి గోరంత ఉంటాది, లోపల కన్నం ఉంటాది కాబట్టి గోడ పల్చన. మన కోరాపుట్ వైపు వానలు తెలుసుగా, ఎర్రమట్టి, నీళ్ళు, మూడేళ్ళ తుప్పు. పెట్టెలోని 8 ఓపెన్ పానా పెట్టి లాగాను, సాగింది, ఇంకొంచెం లాగాను, జారింది. చూస్తే నిపుల్ మూలలు రెండు మెరుస్తున్నాయి, తుప్పు పోయి తెల్లటి ఇనుము బయటపడింది, ఆ మెరుపు చూస్తేనే గుండె జారిపోతాది. తర్వాత గ్రిప్ ప్లయర్ పెట్టాను, గట్టిగా నొక్కేసరికి కన్నం ఉన్న నిపుల్ నొక్కుకుపోయి మెడ దగ్గర పుటుక్కుమంది. సగం ముక్క లోపల. సిలిండరే మార్చాలి, ఆదివారం, జైపూర్‌లో సామాను దొరకలేదు. సోమవారం పొద్దున్నే మా నాన్న గారిని విజయనగరం కంటి ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సి ఉంది. బస్సులో తీసుకెళ్ళాను, డెబ్భై ఏళ్ళ మనిషి, ఘాట్ రోడ్డు మలుపుల్లో రెండుసార్లు వాంతులు చేసుకున్నారు, నన్ను ఒక్క మాట అనలేదు. ఒక్క 8 నంబర్ రింగు పానా మంచిది ఉంటే ఆ నిపుల్ ఊడేది. కొండ నాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడింది అంటారే, అదే అయింది. విజయనగరంలో సిలిండరుతో పాటు రింగు పానాల సెట్టు కూడా కొన్నాను, అవే పానాలు ఇప్పటికీ వాడుతున్నాను, ఒక్క దాని నోరూ తెరుచుకోలేదు.

అందుకని నేను చెప్పేది ఏటంటే చవక పానా ధర మీరు షాపులో కట్టరు, బోల్టు దగ్గర కడతారు, అదీ మీకు బండి అవసరమైన రోజునే.

ఇప్పుడు మీ వ్యాగనార్‌కి ఏవి కావాలో చూద్దాం, ఇక్కడ కొంచెం ఆగి చదవండి, ఇది తెలియక చాలామంది డబ్బు పారేసుకుంటారు. మారుతి అంటే సుజుకి, జపాన్ పద్ధతి. ఆ పద్ధతిలో 6 ఎంఎం బోల్టుకి తల 10, 8 ఎంఎం బోల్టుకి తల 12, 10 ఎంఎంకి 14, 12 ఎంఎంకి 17. మన హార్డ్‌వేర్ షాపులో మామూలుగా దొరికే 8 ఎంఎం బోల్టుకి తల 13 ఉంటాది, 10 ఎంఎందానికి 17 గానీ 16 గానీ ఉంటాది. టాటా, మహీంద్రా బళ్ళలో 13 ఎక్కువగా తగులుతాది. మీ బండిలో 8, 10, 12, 14, 17, చక్రాలకి 19, ఈ ఆరు నంబర్లతో నూటికి తొంభై పనులు అయిపోతాయి. 108 పీసుల పెట్టెలో ఈ ఆరే అసలైనవి, మిగతాది స్క్రూడ్రైవర్ బిట్లూ, ఎలెన్ కీలూ, మీ బండిలో ఎక్కడా తగలని సాకెట్లూ, లెక్క పెంచడానికి పెట్టినవి.

ఇంకో మాట, సెకండ్ హ్యాండ్ బండి కదా, బానెట్ ఎత్తి ఒకసారి అన్ని బోల్టులూ చూడండి, ఎక్కడైనా 13 తల కనిపిస్తే అది కంపెనీది కాకపోవచ్చు, ఎవరో పాతది పాడుచేసి బజార్లో బోల్టు వేసుంటారు, ఆ చోట ముందు ఏం పని జరిగిందో అడిగి తెలుసుకోండి. 12 తల మీద 13 పానా పెడితే తొడుక్కుంటాది గానీ పట్టదు. అర అంగుళం పానా అంటే 12.7 ఎంఎం, అది కూడా అంతే, పాత లారీ షెడ్ల నించి వచ్చే సామాన్లలో అంగుళాల పానాలు కలిసిపోయి ఉంటాయి, మీద రాసింది చదవకుండా పెట్టొద్దు.

రింగు పానాల సెట్టు మామూలుగా ఎనిమిది పానాలు వస్తాయి, 6-7, 8-9, 10-11, 12-13, 14-15, 16-17, 18-19, 20-22. అందులో మీకు 6-7, 20-22 తక్కువ పడతాయి, అయినా విడిగా కొనేకంటే సెట్టే లాభం. టపారియా కంపెనీది అయితే ఇక్కడ జైపూర్, విజయనగరం, పార్వతీపురం అన్ని చోట్లా దొరుకుతాది, నాసిక్‌లో వాళ్ళ ఫ్యాక్టరీ ఉంది, నేను ఏ కంపెనీ ఏజెంటునీ కాదు గానీ మన ఇంటి పనికి ధరా నాణ్యతా రెండూ సరిపోయేది ఇదని నా అనుభవం. నకిలీలు కూడా ఉన్నాయి, అందుకని తెలిసిన షాపులోనే తీసుకోండి. క్రోమ్ వెనేడియం (గట్టి ఉక్కు రకం) అని పానా మీద ఎవడైనా అచ్చు కొట్టుకోవచ్చు, ఆ రాత చూసి నమ్మొద్దు. రింగు పానాలకి ఐఎస్ 2029, ఓపెన్ పానాలకి ఐఎస్ 2028 అని మన దేశపు ప్రమాణాలున్నాయి, మంచి కంపెనీ డబ్బా మీద గానీ కేటలాగులో గానీ ఆ నంబర్ ఉంటాది.

షాపులో ఎలగ చూడాలంటే, మీ బండి నించి ఊడతీసిన ఒక 12 తల బోల్టూ ఒక 10 తల బోల్టూ జేబులో వేసుకెళ్ళండి, ఎయిర్ ఫిల్టర్ దగ్గరా బ్యాటరీ బిగింపు దగ్గరా చూస్తే దొరుకుతాయి. రింగులో ఆ బోల్టు పెట్టి ఆడించండి, మా మేస్త్రి గారు చెప్పినట్టు. కాస్త కదలిక ఉండాలి, లేకపోతే తొడగదు, కానీ గంటలాగ కొట్టుకోకూడదు. తర్వాత రింగు లోపలి పళ్ళు చూడండి, అంచులు తీరుగా పదునుగా ఉండాలి, పోత పోసినట్టు మొద్దుగా ఉంటే వదిలీయండి. మెరుగు పొర ఎక్కడైనా పొక్కులాగ లేచి ఉంటే అది రేపు పెచ్చులూడి మీ అరచెయ్యి కోస్తాది, బ్లేడుకంటే అన్యాయం. షాపాయన విసుక్కుంటే విసుక్కోనీండి, పాతికేళ్ళు వాడే వస్తువు.

సాకెట్లు, గోటీలు అంటారు మన షెడ్లలో, రెండో నెలలో తీసుకోండి. సెట్టు అక్కర్లేదు. అర ఇంచి డ్రైవుది, అంటే పిడి దూరే చదరపు కన్నం అర అంగుళం ఉన్నది, మన ఊళ్ళలో విడిగా దొరుకుతాది, ఒక రాచెట్టు (టకటకమంటూ ఒకవైపే తిప్పే పిడి), ఒక ఎక్స్‌టెన్షను (మధ్యలో తగిలించే పొడుగు కడ్డీ), 12, 14, 17, 19 ఆరు మూలల గోటీలు, చాలు. పన్నెండు మూలలవి కూడా అమ్ముతారు, తొడగడానికి సులువే గానీ తుప్పు బోల్టు మీద ఆరు మూలలదే నమ్మకం. 10, 8కి అర ఇంచి రాచెట్టు మరీ బరువు, చెయ్యి తెలీకుండా ఎక్కువ బలం పడి బోల్టు తెగుతాది, వాటికి రింగు పానానే వాడండి, లేదా పావు ఇంచి చిన్న రాచెట్టు ఒకటి. రాచెట్టుతో బిగిసిపోయిన నట్టు విప్పొద్దు, లోపల పళ్ళు చిన్నవి, అవి విరుగుతాయి, విప్పడానికి పొడుగు టామీ బారు, అంటే లోపల పళ్ళు లేని ఉత్త ఇనప పిడి, వేరే ఉండాలి, వదులయ్యాక రాచెట్టు. ఇంపాక్ట్ గన్ను, అంటే దెబ్బలు కొడుతూ నట్టు తిప్పే మిషను, ఎప్పుడైనా అప్పు తెచ్చుకుంటే దానికి మీ మెరిసే గోటీలు తగిలించొద్దు, దానికి నల్లటి ఇంపాక్ట్ గోటీలు వేరే ఉంటాయి, మెరిసేవి ఆ దెబ్బలకి పగిలి ముక్క కంట్లో పడే ప్రమాదం ఉంది.

స్క్రూడ్రైవర్ సంగతి ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. మీ బండిలో ప్లస్ గుర్తు స్క్రూలు కొన్నిటి తల మీద చిన్న చుక్క ఉంటాది. అది జపాన్ ప్రమాణం ప్లస్, మన బజార్లో దొరికే ఫిలిప్స్ ప్లస్ కాదు. రెండూ ఒకేలాగ కనిపిస్తాయి, ఫిలిప్స్ది పెట్టి తిప్పితే పూర్తిగా లోపలికి దిగక పైకి ఎగదన్నుతాది, రెండుసార్లు ఎగదన్నిందంటే స్క్రూ తల గుంట పడిపోతాది. బైకుల వాళ్ళకి కార్బొరేటర్ స్క్రూల దగ్గర ఈ బాధ బాగా తెలుసు. జపాన్ రకం స్క్రూడ్రైవర్ 2 నంబర్‌ది ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి, దానికి మాత్రం డబ్బు ఎక్కువైనా పర్లేదు. మీరు షాపులో చూసింది ఏ రకమో కనుక్కుని అప్పుడు కొనండి.

ఇక డబ్బు ఎక్కడ ఎక్కువ పెట్టక్కర్లేదో కూడా చెప్పాలి. సుత్తి ఏదైనా ఒకటే. ఆయిల్ పట్టే తొట్టి పాత ఐదు లీటర్ల డబ్బా పక్క కోసుకుంటే చాలు. వైరు బ్రష్షు, గరాటు, పాత పంచె గుడ్డ ముక్కలు. అడ్జస్టబుల్ రెంచి ఒకటి ఉంటే మంచిదే గానీ అది ఆఖరి ఆయుధం, వాడితే కదలని దవడ వైపు బలం పడేటట్టు తిప్పండి. పైపు రెంచి కారు నట్టు మీద పెట్టేవాడిని మీ బండి దగ్గరికే రానివ్వొద్దు.

జాకీ స్టాండ్లు. ఇది టూల్ కిందకి వస్తాదా రాదా అని ఆలోచించకండి, ఇది పానాలకంటే ముందు. బండితో వచ్చిన జాకీ చక్రం మార్చడానికే, దాని మీద బండి నిలబెట్టి కిందకి దూరడానికి కాదు. ఆయిల్ మార్చాలంటే కిందకి వెళ్ళాలి కదా, రెండు స్టాండ్లు కొని, గట్టి నేల మీద, వెనక చక్రాలకి ముందూ వెనకా రాళ్ళు పెట్టి, స్టాండ్లు మీద బండి దింపి, చేత్తో గట్టిగా ఊపి చూసి అప్పుడు దూరండి. ఊడదీసిన చక్రం ఉంటే దాన్ని కూడా బండి కింద పక్కకి పడుకోబెట్టండి. మా షెడ్డులో ఒకసారి బాటిల్ జాకీ సీలు పోయి లారీ ముందు భాగం మూడు సెకన్లలో కిందకి దిగిపోయింది, అప్పుడే టీకని బయటికి వచ్చిన కుర్రాడు నా పక్కనే నిలబడి ఉన్నాడు, వాడు చేతిలో గ్లాసు వదిలీలేదు, అలాగే పట్టుకుని వణికిపోయాడు. మీకు పిల్లలున్నారని రాశారు. స్టాండ్లు లేకుండా దూరొద్దు.

బిగించడం గురించి. కొత్తగా చేసేవాళ్ళు విప్పలేక పాడుచేసేది ఎంతో, బిగించి పాడుచేసేది అంతకు రెట్టింపు. చక్రం నట్టు సంగతి తీసుకోండి, చాలా మారుతి చిన్న కార్ల పుస్తకాల్లో 85 న్యూటన్ మీటర్లు (తిప్పే బలానికి కొలత) అని ఉంటాది, మీ బండి పుస్తకంలో ఒకసారి చూసుకోండి. 85 అంటే పావు మీటరు టామీ చివర సుమారు 35 కిలోల బరువు, అర మీటరు టామీ అయితే 17 కిలోలు, అంతే. ఇప్పుడు డెబ్భై కిలోల మనిషి అర మీటరు టామీ చివర ఎక్కి నిలబడ్డాడనుకోండి, 340 దాటిపోతాది, కావలసినదానికి నాలుగు రెట్లు. టైరు షాపుల్లో గన్నుతో టర్రుమని బిగిస్తారు చూడండి, అది ఎంత పడిందో ఎవరికీ తెలీదు. ఇంజన్ ఆయిల్ కిందకి వదిలే డ్రెయిన్ బోల్టుకి చాలా సుజుకి ఇంజన్లలో 35 దగ్గర చెప్తారు, చిన్న 17 పానా పట్టుకుని చేత్తో లాగితే చాలు, కాలు అక్కర్లేదు, అక్కడ మర పోతే ఆయిల్ చాంబరే మార్చాల్సి వస్తాది. వాషరు మాత్రం ప్రతిసారీ కొత్తది వెయ్యండి. ప్లగ్గులు అల్యూమినియం హెడ్డులో ఉంటాయి, చేత్తో గోటీ తిప్పుతూ ఆఖరి దాకా తీసుకెళ్ళాలి, మొదటి చుట్టే బిగుతుగా వస్తే ఆపి మళ్ళీ మొదలుపెట్టండి, మర తప్పింది అన్నమాట. ఆనాక కొత్త వాషరున్న 14 ఎంఎం ప్లగ్గుకి అర చుట్టు నించి మూడింట రెండు వంతుల చుట్టు, పాత ప్లగ్గే మళ్ళీ పెడితే పన్నెండో వంతు చుట్టు, గడియారంలో ఒక గంట అంత. ప్లగ్గు గోటీ లోపల రబ్బరు గానీ అయస్కాంతం గానీ ఉన్నది తీసుకోండి, లేకపోతే ప్లగ్గు జారి పింగాణీ పగులుతాది, పగిలినట్టు కనపడదు, బండి మాత్రం ఘాటెక్కేటప్పుడు మిస్ కొడతాది.

ఈ కొలతలన్నీ చేతికి అలవాటయ్యేదాకా టార్క్ రెంచి, అంటే మనం పెట్టిన నంబరంత బలం పడగానే టక్ అనే పానా, ఉంటే మంచిది, ధర ఎక్కువే, ఆరు నెలల తర్వాత చూసుకోండి. కొంటే దాంతో ఎప్పుడూ విప్పొద్దు, పని అయ్యాక స్ప్రింగు వదులు చేసి అన్నిటికంటే తక్కువ నంబర్ దగ్గర పెట్టి దాచండి, టక్ అన్నాక ఆపీయండి, నమ్మకం లేక రెండోసారి టక్ అనిపించొద్దు. మొదట్లో స్నేహితులిద్దరు ముగ్గురు కలిసి ఒకటి కొనుక్కున్నా సరిపోతాది, స్కూల్లో మీ తోటి మాస్టార్లకి కార్లుంటాయి కదా.

తుప్పు గురించి రెండు మాటలు, మన వైపు అదే పెద్ద శత్రువు. సెమిలిగుడ, పొట్టంగి పక్క వానాకాలం అంతా బండి కింద తడి ఆరదు. విప్పాల్సిన బోల్టుని ముందు వైరు బ్రష్షుతో గీకి, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలీయండి, పొద్దున్న సుత్తితో తల మీద నాలుగు చిన్న దెబ్బలు వేసి, ముందు బిగించే వైపు వెంట్రుకవాసి తిప్పి అప్పుడు విప్పండి. కీచుమని శబ్దం వస్తే అది మంచి శబ్దం, తుప్పు విడుస్తోంది. శబ్దం లేకుండా మెత్తగా తిరిగితే ఆపి చూడండి, బోల్టు సాగుతుండొచ్చు. మీ వెనక డ్రమ్ములు ఎప్పుడైనా తీయాల్సి వస్తే సుత్తితో అంచు మీద బాదకండి, డ్రమ్ము ముఖం మీద రెండు మరల కన్నాలు ఉంటాయి, వాటిలో 8 ఎంఎం బోల్టులు రెండు సమానంగా బిగించుకుంటూ పోతే డ్రమ్ము దానంతటదే బయటికి వస్తాది. పానాల మీద కూడా వానాకాలం చెమ్మ చేరుతాది, పని అయ్యాక కిరసనాయిలు గుడ్డతో తుడిచి, చుక్క ఇంజన్ ఆయిల్ రాసి, గుడ్డ సంచిలో అరలు కుట్టించుకుని చుట్టి పెట్టుకోండి. అరలుంటే ఏది లేదో వెంటనే తెలుస్తాది. ఇంజన్ మీద మర్చిపోయిన 10 పానా ఫ్యాను బెల్టులో పడిన బండి నేను చూశాను.

మీ నాన్న గారి మాటకి వస్తాను. ఆయన మాటలో న్యాయం ఉంది, కాదనను. మీరు ఏడాదికి ఒక్కసారే బానెట్ ఎత్తేటట్టయితే పానాలు కొనడం దండగ, మంచి మెకానిక్కుని పట్టుకోండి. కానీ మీరు ఇష్టపడి చేస్తానంటున్నారు, ఆయిల్, ఫిల్టర్లు, ప్యాడ్లు ఇంట్లోనే చేస్తే మిగిలిన కూలి డబ్బుతో ఒకటి రెండేళ్ళలో పానాల ఖర్చు తిరిగొచ్చేస్తాది, ఆ తర్వాత పానాలు మీవే. ఒక షరతు, బ్రేక్ ప్యాడ్లు మొదటిసారి మార్చేటప్పుడు తెలిసినవాళ్ళని పక్కన పెట్టుకుని చెయ్యండి, ఒక చక్రం పూర్తిగా అయ్యాకే రెండోది విప్పండి, రెండో వైపు చూసుకోడానికి నమూనాలాగ ఉంటాది. క్యాలిపర్, అంటే ప్యాడ్లని నొక్కే భాగం, దాని బోల్టు బండిని బట్టి 12 గానీ 14 గానీ, రింగు పానా గానీ గోటీ గానీ పెట్టండి తప్ప ఓపెన్ పానా వద్దు. పని అయ్యాక బండి స్టార్ట్ చెయ్యకముందే పెడలు గట్టిపడేదాకా నొక్కండి, ఇది మర్చిపోతే మొదటి మలుపులో బ్రేకు ఉండదు.

ఇంకొక్కటి, ఇది ఈ ఆదివారమే చెయ్యండి, దీనికి 19 గోటీ, అర మీటరు టామీ బారు చాలు, అవి మాత్రం వచ్చే నెల దాకా ఆగకుండా ఇప్పుడే తీసుకోండి. రెండేళ్ళ కిందట సుంకి ఘాటులో రాత్రి తొమ్మిదింటికి వానలో ఒక కుటుంబం బండి పంక్చరై ఆగిపోయి ఉంది, నేను సాలూరు నించి వస్తున్నాను. చక్రం నట్లు ఏదో టైరు షాపులో గన్నుతో బిగించినవి, బండితో వచ్చిన చిన్న పానా మీద ఆయన ఎక్కి తొక్కితే పానా వంగిపోయింది, ఒక నట్టు మూలలు సగం పోయాయి. ఆయన భార్య గొడుగు పట్టుకుని నిలబడింది, వెనక సీట్లో పసిబిడ్డ. నా దగ్గరున్న ఆరు మూలల గోటీ సుత్తితో కొట్టి ఎక్కించి, టామీకి పైపు తొడిగి లాగితే ఊడింది, అది కూడా గోటీ గట్టిది కాబట్టి. మీరూ అదే ఘాటులో తిరుగుతారు. అందుకని ఇంటి దగ్గర, పగలు, బండి చక్రాలు నేల మీద ఉండగానే పదహారు నట్లూ ఒక్కొక్కటిగా పావు చుట్టు వదులు చేసి మళ్ళీ మీ చేత్తో బిగించండి, ఎదురెదురుగా ఒకటి విడిచి ఒకటి, అర మీటరు టామీ చివర పదిహేడు కిలోల బియ్యం మూట వేలాడినంత బలం, అంతే. ఏదైనా నట్టు రాకపోతే ఇంటి దగ్గరే తెలిసిపోతాది, షాపుకి తీసుకెళ్ళి మార్పించుకోవచ్చు. అది అయ్యాక స్టెప్నీలో గాలి చూసుకుని, గోటీ, టామీ, జాకీ, జాకీ కింద పెట్టడానికి ఒక చెక్క పలకా డిక్కీలో వేసుకుని అప్పుడు సాలూరు దిగండి.